అమ్మ చేతిలో స్పేసర్: పది నెలల వాడకం తర్వాత

జానెడు పొడవున్న ప్లాస్టిక్ గొట్టం ఒకటి పది నెలలుగా మా ఇంట్లో దేవుడి గూటి పక్క అలమరలో ఉంటోంది. ఒక చివర ఇన్‌హేలర్ మూతిని దూర్చడానికి రబ్బరు లాంటి మెత్తని అంచు, రెండో చివర నోట్లో పెట్టుకునే ముక్కు, ఆ ముక్కుకు కాస్త లోపల గాలిని ఒక్క వైపుకే పోనిచ్చే పల్చని రేకు ఉంటాయి. అంతకు మించి అందులో ఏమీ లేదు. దీన్ని స్పేసర్ అంటారు. సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బుతో బాధపడుతున్న మా అమ్మ రోజూ రెండు పూటలా మందును దీని ద్వారానే పీలుస్తుంది. కొన్ననాటికి నాకు తెలియని సంగతులు చాలా ఉన్నాయి. అవి ముందే తెలిసి ఉంటే అమ్మ నాలుగేళ్లపాటు అంతగా ఆయాసపడవలసి వచ్చేది కాదని ఇప్పుడు అర్థమవుతోంది కనుక, ఈ వస్తువు గురించీ దాన్ని వాడే పద్ధతి గురించీ ఓపికగా రాయాలనుకున్నాను. కంపెనీ పేరు చెప్పడం లేదు. నేను చెప్పబోయే మంచీ చెడూ ఈ రకం స్పేసర్లన్నింటికీ ఇంచుమించుగా వర్తిస్తాయి.

అమ్మకు అరవై తొమ్మిదేళ్లు. జీవితంలో ఒక్క చుట్ట గానీ బీడీ గానీ ముట్టిన మనిషి కాదు. ప్రకాశం జిల్లాలోని మా ఊరికి కాపురానికి వచ్చిన నాటి నుంచి ఇంటికి గ్యాస్ పొయ్యి వచ్చేవరకు, అంటే దాదాపు పాతికేళ్లు, కట్టెలు, పిడకలు, కందికంప, వానాకాలంలో సగం తడిసిన సరుగుడు పుల్లలు పెట్టి వండింది. కిటికీ లేని వంటింట్లో పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, కళ్లనీళ్లు తుడుచుకుంటూ, ఊదుగొట్టంతో మంట రాజేస్తున్న అమ్మ నాకు ఇప్పటికీ కళ్ల ముందు కనిపిస్తుంది. ఒంగోలులో ఛాతీ డాక్టరుగారు మొదటిసారి చూసినప్పుడు అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే: "ఎన్నేళ్లు కట్టెల పొయ్యి మీద వండారమ్మా?" ఏళ్ల తరబడి పొగ తగిలి గాలిదారులు వాచి, ఇరుకైపోయి, మళ్లీ పూర్వస్థితికి రాని జబ్బు ఇది. 2016 నాటికి మన దేశంలో ఈ జబ్బున్నవారు సుమారు 5 కోట్ల 53 లక్షల మంది అని 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అంచనా చెబుతోంది. 1990లో ఆ సంఖ్య 2 కోట్ల 81 లక్షలు. సిగరెట్టు ముట్టని ఆడవాళ్లకు ఇది రాదనుకోవడం వల్ల మా ఇంట్లో చాలా కాలం దీన్ని "వయసు ఆయాసం" అని సరిపెట్టుకున్నాం.

స్పేసర్‌కు ముందు అమ్మ వాడింది పొడి మందు గొట్టం, అందరూ రోటాహేలర్ అని పిలిచేది. క్యాప్సూల్‌ను పైనున్న చదరపు రంధ్రంలో పెట్టి, అడుగు భాగాన్ని తిప్పితే క్యాప్సూల్ రెండుగా విడిపోయి పొడి బయటికి వస్తుంది. ఆ పొడిని పీల్చాలి. మందుల షాపులో కుర్రవాడు పెట్టె చేతికిస్తూ "ఇందులో బిళ్ల వేసి తిప్పి పీల్చుకోవాలి, అంతే" అన్నాడు. ఆ "అంతే" తోనే నాలుగేళ్లు గడిచాయి. ఆరు నెలలకోసారి చూపించుకున్నప్పుడు "మందు వాడుతున్నారా?" అని అడిగేవారు, "వాడుతున్నానండీ" అని అమ్మ చెప్పేది, ఆ రెండు మాటలూ నిజమే. అయినా పిల్లికూతలు తగ్గేవి కావు. మందు మోతాదు పెరిగింది, మాత్రలు తోడయ్యాయి, ఏడాదికి రెండుసార్లయినా ఆసుపత్రిలో చేరి ఆక్సిజన్ పెట్టించుకోవలసి వచ్చేది. జబ్బు ముదురుతోందని డాక్టర్లూ అనుకున్నారు, మేమూ అనుకున్నాం.

కిందటేడు మరో క్లినిక్‌కు వెళ్లాం. లోపలికి పిలిచే ముందు ఒక నర్సమ్మ అమ్మ చేతిలోని సంచీ తెరిపించి, "ఏదీ అమ్మా, రోజూ ఇంట్లో ఎలా తీసుకుంటారో నాకొకసారి చూపించండి" అని కూర్చుంది. ఆ మాట అంతకుముందు నాలుగేళ్లలో ఒక్కరూ అనలేదు. అమ్మ చెయ్యి కడుక్కుని, తడి చేత్తోనే క్యాప్సూల్ తీసి రంధ్రంలో పెట్టి, తిప్పి, గొట్టాన్ని పెదవుల మధ్య పెట్టుకుని, నిండుగా ఊపిరి తీసి దాంట్లోకే ఊదింది. కిటికీలోంచి పడుతున్న ఎండలో సన్నని తెల్లటి పొడి పైకి లేచి చెదిరిపోవడం నేను నా కళ్లతో చూశాను. ఆ తర్వాత బుగ్గలు లోపలికి పోయేలా, గోలీసోడాను స్ట్రాతో పీల్చినట్టు, చిన్నగా ఒక గుక్క పీల్చి గొట్టం తీసేసింది. నర్సమ్మ ఏమీ అనకుండా గొట్టాన్ని విప్పి చూపించింది. విడిపోయిన క్యాప్సూల్ రెండు ముక్కల లోపలా పొడి ఉండలు కట్టి, పిండి తడిసినట్టు అంటుకుపోయి ఉంది. అప్పుడే వేసిన క్యాప్సూల్ అది. నాలుగేళ్లలో అలాంటివి ఎన్ని వేల క్యాప్సూళ్లు గాలిలో కలిసి ఉంటాయో లెక్క వేయడానికి నాకు ధైర్యం చాలలేదు.

అమ్మ చేసిన పొరపాట్లు ఆమె ఒక్కతే చేసినవి కావని తర్వాత తెలిసింది. 1975 నుంచి 2014 వరకు వచ్చిన అధ్యయనాలన్నింటినీ కలిపి పరిశీలించిన ఒక సమీక్ష 2016లో చెస్ట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. దాని ప్రకారం ఇన్‌హేలర్‌ను సరిగా వాడుతున్నవారు నూటికి 31 మంది మాత్రమే, నలభై ఏళ్లలో ఆ పరిస్థితి మెరుగుపడిందీ లేదు. పొడి మందు పీల్చేవారిలో నూటికి 46 మంది పీల్చేముందు ఊపిరిని పూర్తిగా బయటికి వదలడం లేదు, 37 మంది పీల్చాక ఊపిరి బిగపట్టడం లేదు, 29 మంది గొట్టాన్ని సిద్ధం చేయడంలోనే తప్పు చేస్తున్నారు. ఒంగోలులో మా అమ్మ చేసిన తప్పే ప్రపంచమంతటా జరుగుతోందన్నమాట. ఇది చదివాక అమ్మ మీద విసుక్కున్న రోజులన్నీ గుర్తొచ్చి చాలా బాధపడ్డాను.

పొడి మందు గొట్టం మంచిది కాదని నేను అనడం లేదు. అది చవక, జేబులో పడుతుంది, గ్యాస్ నింపిన డబ్బా అవసరం లేదు, ఎన్ని మోతాదులు మిగిలాయో క్యాప్సూళ్లు లెక్కపెట్టుకుంటే తెలుస్తుంది. కానీ దానికి బలం మనిషి ఊపిరే. ఊపిరిని గొట్టానికి దూరంగా బయటికి వదిలి, తర్వాత పెదవులు బిగించి, ఒక్కసారిగా, వేగంగా, లోతుగా లాగితేనే పొడి సన్నగా విడిపోయి లోపలికి పోతుంది. మెల్లగా పీలిస్తే పెద్ద రేణువులుగానే గొంతులో పడిపోతుంది. దాంట్లోకి ఊదితే ఊపిరిలోని తేమకు పొడి ఉండకడుతుంది. మా డాక్టరుగారు చిన్న మీటరు లాంటి పరికరాన్ని అమ్మ నోట్లో పెట్టి పీల్పించి, ఆమె లాగే బలం ఆ గొట్టానికి చాలడం లేదని తేల్చారు. పద్ధతి దిద్దినా అమ్మకు అది పూర్తిగా పనిచేసేది కాదు. అందుకని మందును స్ప్రే రూపంలోకి మార్చి, దానికి స్పేసర్ రాశారు.

స్ప్రే ఇన్‌హేలర్ చరిత్ర చిన్నదేమీ కాదు. అమెరికాలో రైకర్ లేబొరేటరీస్ అనే మందుల కంపెనీని నడిపిన జార్జ్ మైసన్ కూతురు, పదమూడేళ్ల ఆస్తమా పిల్ల, తన మందు కూడా స్ప్రే డబ్బాలో ఎందుకు రాదని తండ్రిని అడిగిందట. 1956లో మొదటి స్ప్రే ఇన్‌హేలర్ అక్కడి నుంచే బజారులోకి వచ్చింది. రోగి అడిగిన ప్రశ్న నుంచి పుట్టిన వస్తువు కనుక ఆ కథ నాకు ఇష్టం. కానీ ఆ చిన్న డబ్బాకు ఒక పెద్ద చిక్కు ఉంది: నొక్కడం, పీల్చడం ఒకే క్షణంలో జరగాలి. ముందు నొక్కితే మందు నాలుక మీద పడుతుంది, ఆలస్యంగా నొక్కితే ఊపిరి అయిపోయి ఉంటుంది. పైగా పొడి మందుకు వేగంగా లాగాలి, దీనికి మెల్లగా, మూడు నాలుగు సెకన్లపాటు సాగేలా లాగాలి. రెండు రకాలూ ఇంట్లో ఉన్నవాళ్లు దీనికి ఆ పద్ధతి, దానికి ఈ పద్ధతి వాడి రెండింటినీ చెడగొట్టుకోవడం సహజం. నేను చెప్పిన సమీక్షలోనే స్ప్రే వాడేవారిలో నూటికి 45 మందికి నొక్కడమూ పీల్చడమూ కలవడం లేదని, 44 మంది పీల్చే వేగంలోనో లోతులోనో తప్పుతున్నారని, 46 మంది ఊపిరి బిగపట్టడం లేదని ఉంది.

స్పేసర్ తీర్చేది ఈ చిక్కునే. డబ్బా నొక్కగానే దూసుకొచ్చే మందు నేరుగా గొంతుకు కొట్టుకోకుండా గొట్టంలో ఆగి, వేగం తగ్గి, మంచు తెరలా నిలుస్తుంది. పెద్ద తుంపరలు గొట్టం గోడలకు అంటుకుంటాయి, సన్నవి గాలిలో తేలుతూ ఉంటాయి. అక్కడి నుంచి అమ్మ తన వీలుకొద్దీ పీల్చుకుంటుంది. చెయ్యి, ఊపిరి ఒకే క్షణంలో కలవాలన్న నిర్బంధం పోతుంది. కీళ్లనొప్పులతో వేళ్లు సరిగా వంగని మనిషికి ఇది ఎంత సాయమో రాయలేను. కొన్ని రోజులు డబ్బాను నేను నొక్కుతాను, అమ్మ పీల్చుకుంటుంది. స్పేసర్ లేకుండా అయితే అది కుదిరే పని కాదు.

వాడే పద్ధతిని నర్సమ్మ నేర్పిన తీరు మాత్రం విడిగా చెప్పాలి. "లోతుగా పీల్చండి" అంటే అమ్మకు బోధపడలేదు. బుగ్గలతోనే లాగుతూ వచ్చింది. రెండు మూడుసార్లు అలాగే అయ్యాక నర్సమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని, "అమ్మా, పొయ్యి ఊదేవారు కదా, ఊదుగొట్టం నోట్లో పెట్టుకునే ముందు గుండె నిండా గాలి తీసుకునేవారు చూడండి, ఆ గాలి ఎలా తీసుకునేవారో అలా తీసుకోండి. ఊదడం మాత్రం వద్దు, అక్కడే ఆపేయండి" అంది. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, వెన్ను నిటారుగా చేసి, భుజాలు కాకుండా డొక్కలు వెడల్పయ్యేలా గాలి తీసుకుంది. పాతికేళ్లు రోజూ చేసిన పని అది. స్పేసర్ లోపలి రేకు టక్కుమని తెరుచుకుని, ఆమె ఊపిరి సాగినంతసేపూ తెరిచే ఉంది. ఆమె ఊపిరితిత్తులను పాడుచేసిన ఆ పొయ్యి దగ్గర నేర్చిన ఊపిరే మళ్లీ మందును లోపలికి చేర్చింది. నా కళ్లు చెమర్చాయి.

ఇప్పుడు ఇంట్లో పద్ధతి ఇలా ఉంది. అమ్మ మంచం మీద కాకుండా కుర్చీలో నిటారుగా కూర్చుంటుంది. ఇన్‌హేలర్ మూత తీసి, లోపల దుమ్మూ ధూళీ లేదని చూసి, బాగా కుదిపి, స్పేసర్ వెనక అంచులో నిలువుగా దూరుస్తాను. అమ్మ ఊపిరిని మెల్లగా బయటికి వదిలి, స్పేసర్ ముక్కును పళ్ల మధ్య పెట్టి పెదవులు మూస్తుంది. నాలుక అడ్డం రాకూడదు. ఒక్కసారి నొక్కగానే, ఆలస్యం లేకుండా, మెల్లగా నిండా పీల్చి, మనసులో పది లెక్కపెట్టేవరకు బిగపట్టి వదులుతుంది. ఆయాసం ఎక్కువగా ఉన్న రోజు అంతసేపు బిగపట్టలేదు. అలాంటప్పుడు గొట్టం నోట్లో ఉంచుకునే ఐదారుసార్లు మామూలుగా ఊపిరి తీసి వదలమని చెప్పారు, రేకు ఉన్న స్పేసర్ కనుక అది సరిపోతుంది. అర నిమిషమో నిమిషమో ఆగి, మళ్లీ కుదిపి రెండో పఫ్, అంటే రెండోసారి నొక్కి పీల్చడం. చివరన నోట్లో నీళ్లు పోసుకుని గొంతుదాకా పుక్కిలించి ఉమ్మేయాలి. మందులో స్టెరాయిడ్ ఉంది కనుక ఇది తప్పనిసరి. పాత రోజుల్లో అమ్మ నాలుక మీద తెల్లని పొర కట్టి, గొంతు బొంగురుపోయి ఉండేది, అన్నం కారంగా తగులుతోందనేది. పుక్కిలించడం మొదలయ్యాక, మందు గొంతులో పడడం తగ్గాక, ఆ బాధ పోయింది.

మేము చేసిన తప్పులు కూడా చెప్పాలి. పని త్వరగా అవుతుందని మొదటి వారం రెండు పఫ్‌లనూ ఒకేసారి స్పేసర్‌లోకి నొక్కాం. అలా చేస్తే తుంపరలు ఒకదానికొకటి అంటుకుని, రెండు పఫ్‌ల మందు లోపలికి పోదని తర్వాత తెలిసింది. ఇంకోటి, నొక్కాక అమ్మ చీర సర్దుకుని నింపాదిగా పీల్చేది. ఆ నాలుగైదు సెకన్లలోనే మందు గోడలకు దిగిపోవడం మొదలవుతుంది. అన్నింటికన్నా ప్రమాదమైంది మూడోది. డబ్బాలో మందు అయిపోయాక కూడా గ్యాస్ మిగిలి ఉంటుంది, నొక్కితే శబ్దం వస్తుంది, తుంపరా వస్తుంది. "ఇంకా వస్తోందిగా, ఎందుకు పారేస్తావు?" అని అమ్మ వాదన. మా డబ్బాలో 120 పఫ్‌లు, పూటకు రెండు చొప్పున రోజుకు నాలుగు, అంటే ముప్పై రోజులు. మాది లెక్క చూపించే డబ్బా కాదు కనుక, కొత్తది తెరిచిన రోజునే తిరుపతి క్యాలెండర్‌లో ముప్పయ్యో రోజు చుట్టూ పెన్నుతో సున్నా చుడుతున్నాం. డబ్బాను నీళ్లలో వేసి తేలితే ఖాళీ అనే పాత పద్ధతిని నమ్మవద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు.

శుభ్రం చేయడం దగ్గర ఈ వస్తువు మనుషులను బాగా తికమకపెడుతుంది. కొత్త ప్లాస్టిక్ గోడలకు స్థిర విద్యుత్తు ఉంటుంది. దువ్వెనకు కాగితం ముక్కలు అంటుకున్నట్టు, మందు రేణువులు ఆ గోడలకు అంటుకుపోతాయి. అందుకే వాడేముందు ఒకసారి, తర్వాత నెలకోసారైనా, గోరువెచ్చని నీళ్లలో పాత్రలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి కడిగి, బోర్లించి గాలికే ఆరనివ్వాలి. గుడ్డతో తుడవకూడదు, ఎందుకంటే ఆ రాపిడికే మళ్లీ విద్యుత్తు పుడుతుంది. ఏ గిన్నెనైనా కడిగి పొడిగుడ్డతో తుడిచి బోర్లించడం అలవాటైన మా ఇంట్లో, స్పేసర్‌ను తుడవకుండా వదిలేయడం అమ్మకు శుభ్రం లేని పనిగా తోచింది. రెండు నెలలు ఆమె నాకు తెలియకుండా కొంగుతో తుడిచిందని తర్వాత బయటపడింది. స్థిర విద్యుత్తు పట్టని ప్లాస్టిక్‌తో చేసినవి కూడా బజారులో దొరుకుతాయి. కొనేటప్పుడు పెట్టె మీద ఆ సంగతి రాసి ఉందేమో చూసుకోవడం మంచిది.

ఇక లోపాలు. మొదటిది పరిమాణం. ఇది పర్సులో పట్టదు. ఊరికి వెళ్లేటప్పుడు సంచీలో బట్టల మధ్య సర్దాలి. రెండోది నలుగురిలో వాడడానికి కలిగే సంకోచం. బస్సులో ఒకసారి దగ్గు తెర వచ్చినప్పుడు అమ్మ గొట్టం బయటికి తీయడానికి సిగ్గుపడి, కొంగు చాటు చేసుకుని, అంతలోనే పక్కావిడ "ఏం జబ్బు?" అని అడగడంతో మళ్లీ లోపల పెట్టేసింది. వస్తువు తప్పు కాకపోయినా కొనేవాళ్లు ఇది తెలుసుకోవాలి. మూడోది నన్ను బాగా బాధపెట్టింది: పెట్టెలోని కాగితం. ఇంగ్లీషులో, చీమతలంత అక్షరాల్లో, పదిహేను మడతల్లో ఉంది. బొమ్మలున్నాయి గానీ, మెల్లగా పీల్చాలన్నది బొమ్మలో ఎలా తెలుస్తుంది? అరవై దాటిన వాళ్ల కోసం చేసిన వస్తువుకు తెలుగులో పెద్ద అక్షరాల కాగితం ఒక్కటి జోడించడం ఏ కంపెనీకీ భారం కాదని నా గట్టి అభిప్రాయం. నాలుగోది, అన్ని ఇన్‌హేలర్ల మూతులూ దీనికి బిగుతుగా కూర్చోవు. ఆయాసం వచ్చినప్పుడు వాడే వేరే డబ్బా మూతి కాస్త వదులుగా ఉండి పక్కనుంచి గాలి పోయేది. కొనేటప్పుడు మీ డబ్బాను వెంట తీసుకెళ్లి దూర్చి చూసుకోండి. ఇంకో మాట, పొడి మందు క్యాప్సూళ్లకు స్పేసర్‌తో పని లేదు. అది స్ప్రే డబ్బాకు మాత్రమే.

లోపలి రేకు గురించి ఒక మంచి మాట చెప్పకుండా ఉండలేను. ఎదురుగా కూర్చున్నవాళ్లకు ఆ రేకు కదలిక కనిపిస్తుంది. అమ్మ పీలుస్తోందో లేదో, ముక్కుతో పీల్చి నోటిని ఊరకే ఉంచిందో, సగంలో ఆపేసిందో నేను చూసి చెప్పగలను. పొడి మందు గొట్టంతో నాలుగేళ్లు నాకు దొరకనిది ఇదే. నేను అదే గదిలో ఉండి కూడా మందు లోపలికి పోవడం లేదని కనిపెట్టలేకపోయాను. రోగిని చూసుకునేవాళ్లకు ఈ ఒక్క గుణం కోసమైనా స్పేసర్ అవసరమని నేను నమ్ముతున్నాను.

చాలా ఇళ్లలో ఇన్‌హేలర్ పనిచేయడం లేదని విసిగి వేలు పోసి, ద్రవ మందును తుంపరగా మార్చి మాస్కు ద్వారా పీల్పించే నెబులైజర్ యంత్రం కొంటారు. మేమూ కొన్నాం. దానికి కరెంటు కావాలి, శబ్దం చేస్తుంది, ఒక్కో పూటకు పది నిమిషాలు పడుతుంది, గొట్టాలూ మాస్కూ రోజూ కడగకపోతే క్రిములు చేరతాయి. ఆస్తమా తీవ్రమైనప్పుడు కూడా, ప్రాణాపాయ స్థితి తప్ప, గాలిదారులను తెరిచే మందును స్పేసర్‌తో ఇస్తే నెబులైజర్‌కు తీసిపోదని, వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్షలు తేల్చాయి. ఊపిరి అందక మాట కూడా రాని స్థితిలో, పెదవులు నీలంగా మారినప్పుడు ఇంట్లో ఏ పరికరంతోనూ ప్రయత్నిస్తూ కూర్చోకూడదు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. రోజువారీ మందుకు మాత్రం మా నెబులైజర్ ఇప్పుడు అటక ఎక్కింది.

మా బంధువుల్లో ఒక పెద్దావిడ ఇన్‌హేలర్ అలవాటైతే వదలదని భయపడి, బాగాలేని రోజునే వాడేది. మృగశిర కార్తెకు హైదరాబాదు వెళ్లి చేప మందు కోసం గంటల తరబడి వరుసలో నిలబడి వచ్చిన మనిషి, రోజూ రెండు నిమిషాల మందుకు మాత్రం జంకేది. ఆవిడను నేను తప్పుపట్టను, ఎందుకంటే ఇన్‌హేలర్ గురించి ఎవరూ ఆవిడ దగ్గర కూర్చుని చెప్పలేదు. ఇంకొకరు పీల్చవలసిన క్యాప్సూళ్లను నీళ్లతో మింగేస్తూ వచ్చారు. ఇది వినడానికి వింతగా ఉన్నా అరుదేమీ కాదు. పీల్చే క్యాప్సూళ్లను మింగవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థే 2008లో హెచ్చరిక జారీ చేయవలసి వచ్చింది. సీఓపీడీ చికిత్సకు ప్రపంచమంతటా ప్రమాణంగా తీసుకునే గోల్డ్ నివేదిక, రోగి వచ్చిన ప్రతిసారీ ఇన్‌హేలర్ వాడే పద్ధతిని పరీక్షించాలని చెబుతుంది. "వాడుతున్నారా?" అన్న ప్రశ్నకు బదులు "చూపించండి" అన్న మాట చాలు. దానికి పట్టేది రెండు మూడు నిమిషాలు. మందుల షాపుల వాళ్లు కూడా పెట్టె చేతికిచ్చే ముందు ఖాళీ గొట్టంతో ఒక్కసారి చేసి చూపిస్తే, ఎన్నో ఇళ్లలో వృథా అవుతున్న మందు ఛాతీలోకి చేరుతుంది. చూపించమని ఎవరూ అడగకపోతే, మీరే సంచీలోంచి తీసి "నేను చేసేది సరిగ్గా ఉందా చూడండి" అని అడగండి, మొహమాటపడకండి. ఒకసారి నేర్చుకున్నాక కూడా కొన్ని నెలలకు పద్ధతి మళ్లీ జారిపోతుంది. మూడో నెలలో నర్సమ్మ మళ్లీ చేయించినప్పుడు అమ్మ ఊపిరి బిగపట్టడం పూర్తిగా మరిచిపోయి ఉంది.

ఫలితం గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. అమ్మ ఊపిరితిత్తులు బాగుపడలేదు, బాగుపడవు కూడా. మెట్లెక్కితే ఇప్పటికీ మధ్యలో ఆగుతుంది. కానీ ఈ పది నెలల్లో ఒక్కసారి కూడా ఆసుపత్రిలో చేరలేదు. రాత్రిళ్లు రెండు దిండ్లు ఎత్తుపెట్టుకుని కూర్చునే నిద్రపోయే మనిషి ఇప్పుడు ఒక దిండుతో పడుకుంటోంది. పెరట్లో కరివేపాకు తనే కోసుకొస్తుంది. పెంచిన మోతాదును డాక్టరుగారు ఒక మెట్టు తగ్గించారు. ఇందులో స్పేసర్ పాలెంత, నేర్చుకున్న ఊపిరి పాలెంత అని విడదీయలేను. నేర్పే మనిషి లేకుండా ఈ గొట్టం ఒక్కటే కొని తెచ్చి ఉంటే, మరో నాలుగేళ్లు దాన్ని కూడా తప్పుగానే వాడేవాళ్లమని మాత్రం నాకు తెలుసు.

ధర విషయానికొస్తే, మేము కొన్నది ఐదు వందల రూపాయల లోపే, ఆసుపత్రిలో ఒక్క రాత్రి ఖర్చుతో పోలిస్తే అది ఖర్చే కాదు. స్ప్రే ఇన్‌హేలర్ వాడే పెద్దవాళ్లందరికీ, పిల్లలకూ, చేతులు వణికేవాళ్లకూ నిస్సంకోచంగా కొనమంటాను. పెదవులు బిగించి మూయలేనివారికి, మరీ చిన్నపిల్లలకు ముఖానికి ఆనించే మాస్కు జోడించి ఇస్తారు. బలంగా లాగగలిగి, పొడి మందును సరైన పద్ధతిలో వాడుతున్నవాళ్లు డాక్టరును అడగకుండా దీనికి మారనవసరం లేదు. రేకు బిరుసెక్కినా, గొట్టానికి పగులు పట్టినా కొత్తది కొనాలి. ఎలాగూ ఏడాదికోసారి మార్చమనే చెప్పారు.

మేము ఇప్పటికే రెండోది కూడా కొన్నాం. సంక్రాంతికి అమ్మ చీరాలలో మా అక్క ఇంటికి వెళ్లినప్పుడు డబ్బా తీసుకుని గొట్టం ఇంట్లోనే మరిచిపోయింది. భోగిమంటల పొగకు ఆ తెల్లవారుజామున ఆయాసం ఎక్కువై, మంచు కురుస్తుండగా నేను ఒంగోలు నుంచి బండి మీద తీసుకెళ్లి ఇచ్చి వచ్చాను. రెండో స్పేసర్ అక్క వాళ్ల వంటింటి గోడకు చిన్న గుడ్డసంచీలో వేలాడుతోంది. సంచీ మీద మా మేనకోడలు స్కెచ్ పెన్నుతో "అమ్మమ్మది. తుడవకూడదు" అని రాసిపెట్టింది.